న్యూరోప్రోస్థెటిక్ పరికరాల మార్కెట్ అంచనాలను చదవడం ఎలా: వరంగల్ విద్యార్థులకు, కొత్త సంస్థలకు ఒక మార్గదర్శి

హన్మకొండ, కాజీపేట ప్రాంతాల్లోని ఇంజినీరింగ్ కళాశాలల్లో న్యూరోప్రోస్థెటిక్ (నాడీ వ్యవస్థకు తోడ్పడే) వైద్య పరికరాలపై ప్రాజెక్టు చేసే విద్యార్థుల నివేదికలు తిరగేస్తే, మొదటి పేజీలోనే "ఈ పరికరాల ప్రపంచ మార్కెట్ ఏటా ఇన్ని శాతం చొప్పున పెరుగుతోంది" అనే వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఆ శాతం ఒక నివేదికలో ఒక రకంగా, మరో నివేదికలో ఇంకో రకంగా ఉంటుంది; మార్కెట్ పరిమాణమైతే ఒకదానికి మరొకటి రెట్టింపు ఉన్నా ఆశ్చర్యపడనక్కర లేదు. ఆ సంఖ్యను ఎలా విడదీయాలో, ఎలా సరిచూడాలో, ఉత్తర తెలంగాణలో పని చేయదలచినవారికి అక్కరకు వచ్చే లెక్కగా ఎలా మార్చుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. మన ప్రాంతంలో ఈ పరికరాల వాడకం పెరగాలంటే కొత్త ఎలక్ట్రోడ్ల కన్నా ముందు పసిపిల్లల వినికిడి పరీక్షలు పెరగాలి, పరికరం అమర్చిన తర్వాత ఇచ్చే శిక్షణ పెరగాలి. మార్కెట్ అంచనాలను జాగ్రత్తగా చదివితే తేలేది కూడా ఇదే.

ముందుగా ఏయే పరికరాలను కలిపారో చూడండి

దెబ్బతిన్న నాడీ వ్యవస్థ చేయలేని పనిని విద్యుత్ సంకేతాల ద్వారా చేసిపెట్టే, లేదా ఆ లోటును కొంత పూరించే పరికరాలను న్యూరోప్రోస్థెటిక్స్ అంటారు. వీటిలో ముందుగా రోగులకు విస్తృతంగా చేరినవాటిలో ఒకటి, లోపలి చెవిలో అమర్చి వినికిడి నాడికి విద్యుత్ సంకేతాలు పంపే కాక్లియర్ ఇంప్లాంట్. 1961లో లాస్ ఏంజెలిస్‌లో విలియం హౌస్ ఒకే చానల్ పరికరంతో మొదలుపెట్టిన ప్రయత్నాన్ని 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బహుళ చానళ్ల పరికరంతో ముందుకు తీసుకెళ్లారు. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బహుళ చానళ్ల ఇంప్లాంటును 1985లో పెద్దలకు, 1990లో రెండేళ్లు దాటిన పిల్లలకు అనుమతించింది. రెండోది పార్కిన్సన్స్ వ్యాధికి వాడే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, అంటే మెదడు లోపలి భాగంలో ఎలక్ట్రోడ్లు పెట్టి విద్యుత్ సంకేతాలు పంపే చికిత్స. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీమ్ లూయి బెనాబిడ్ బృందం 1987లో ఆధునిక రూపం ఇచ్చిన ఈ చికిత్సకు అమెరికాలో ఎసెన్షియల్ ట్రెమర్ అనే మరో రకం వణుకు జబ్బు విషయంలో 1997లో, పార్కిన్సన్స్ విషయంలో 2002లో అనుమతులు వచ్చాయి. మూర్ఛకు వాడే వేగస్ నాడి ఉత్తేజక పరికరం, మూత్రాశయ నియంత్రణకు వాడే శాక్రల్ నాడి పరికరం, చూపు కోల్పోయినవారికి రెటీనా ఇంప్లాంటు, మెదడును కంప్యూటర్‌తో కలిపే పరికరాలు ఆ తర్వాతి వరుసలో ఉంటాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. దీర్ఘకాలిక నొప్పిని తగ్గించడానికి 1967 నుంచి వాడుకలో ఉన్న వెన్నుపాము ఉత్తేజక పరికరాల వ్యాపారం చాలా పెద్దది. కొన్ని నివేదికలు దాన్ని న్యూరోప్రోస్థెటిక్స్‌లో కలుపుతాయి, కొన్ని న్యూరోమాడ్యులేషన్ (నాడుల పనితీరును సవరించడం) అనే వేరే ఖాతాలో రాస్తాయి. మరికొన్ని నివేదికలు శరీరం బయట తొడిగే యాంత్రిక చేతులను, కాళ్లను కూడా ఇందులోనే లెక్కిస్తాయి. కాబట్టి రెండు నివేదికల సంఖ్యలు కలవనప్పుడు ఎవరో అబద్ధం చెప్పారని అనుకోనక్కర లేదు. వారు లెక్కించిన వస్తువులే వేరు. ఎనుమాముల మార్కెట్‌లో ఈ ఏడు వ్యాపారం పెరిగిందని ఎవరైనా అంటే, పెరిగింది పత్తా మిర్చా, బస్తాలు ఎక్కువ వచ్చాయా లేక ధర లేచిందా అని రైతు వెంటనే అడుగుతాడు. మార్కెట్ నివేదికను తెరిచినప్పుడు మీరూ అదే వరుసలో అడగండి. నివేదికలో నిర్వచనం రాసిన పేజీని వెతికి, కలిపిన పరికరాలను ఒక కాగితం మీద రాసుకుని, మీ ప్రాజెక్టుకు సంబంధం లేనివాటిని కొట్టివేయండి. నిర్వచనమే కనిపించని నివేదికను ఆధారంగా చూపకపోవడమే మేలు.

వార్తల్లో ఎక్కువగా వినిపించేవి మెదడు, కంప్యూటర్ అనుసంధాన పరికరాలు. 2004లో బ్రెయిన్‌గేట్ పరిశోధనతో మొదలై, 2024 జనవరిలో న్యూరాలింక్ తొలిసారి ఒక మనిషికి పరికరం అమర్చేవరకు ఈ రంగం సాధించినది నిజంగా గొప్పది. పక్షవాతంతో మంచానికే పరిమితమైన మనిషి ఆలోచనతో తెరమీద అక్షరాలను ఎంచుకోవడం మామూలు విషయం కాదు. అయితే అవి చాలావరకు పరిశోధన ప్రయోగాలే. ప్రయోగంలో పాల్గొనేవారు పరికరాన్ని కొనరు కాబట్టి నేటి అమ్మకాల్లో వాటి వాటా నామమాత్రమే. పెట్టుబడిగా వచ్చిన డబ్బును అమ్మకాలుగా పొరబడకుండా చూసుకోవాలి.

శాతాన్ని మీరే లెక్కించండి

వార్షిక చక్రవృద్ధి రేటును తెలుసుకోవడానికి చివరి ఏడాది విలువను మొదటి ఏడాది విలువతో భాగించి, వచ్చినదానికి మధ్యలో ఎన్ని ఏళ్లు ఉన్నాయో అన్నో మూలాన్ని కనుక్కుని, అందులోంచి ఒకటి తీసివేయాలి. ఫోనులోని సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ దీనికి చాలు. మొదటి ఏడాది ఏదన్నది ఎంత తేడా తెస్తుందో మన దేశపు లెక్కతోనే చూడవచ్చు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ వైద్య పరికరాల విధానం సందర్భంగా, 2020లో సుమారు 1,100 కోట్ల డాలర్లుగా ఉన్న భారత వైద్య పరికరాల మార్కెట్ 2030కల్లా 5,000 కోట్ల డాలర్లకు చేరుతుందనే అంచనాను ప్రభుత్వం ప్రకటించింది. 2020 నుంచి పదేళ్లుగా తీసుకుంటే ఇది ఏటా 16 శాతం వృద్ధి. అదే 1,100 కోట్లను 2023 నాటి విలువగా భావించి ఏడేళ్లకు లెక్కిస్తే 24 శాతం వస్తుంది. రెండు సంఖ్యలూ అవే, ఏడాది ఒక్కటే మారింది. ఒక విద్యార్థి 24 శాతం అని రాస్తే పరీక్షకుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

నోటిలెక్కకు 72ను వృద్ధి శాతంతో భాగిస్తే రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు దాదాపుగా తెలుస్తాయి. ఏటా 12 శాతం పెరిగేది ఆరేళ్లలో రెట్టింపవుతుంది. మీ ముందున్న నివేదిక అదే పన్నెండు శాతం చెబుతూ ఆరేళ్లలో మూడు రెట్లు చూపిస్తే, ఎక్కడో తప్పు దొర్లిందని గ్రహించి పక్కన పెట్టండి. డాలర్లలో ఇచ్చిన వృద్ధిని రూపాయల్లోకి మార్చేటప్పుడు రూపాయి విలువ తగ్గడం వల్ల కనిపించే అదనపు పెరుగుదలను వేరుగా చూపాలి, ఎందుకంటే అది రోగుల సంఖ్య పెరగడం వల్ల వచ్చినది కాదు.

కంపెనీల వార్షిక నివేదికలతో సరిపోల్చండి

మార్కెట్ పరిశోధన సంస్థలు అమ్మే నివేదికలు ఖరీదైనవి. వాటి సారాంశం మాత్రమే ఉచితంగా దొరుకుతుంది. అంతకన్నా నమ్మదగిన సమాచారం స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైన కంపెనీల వార్షిక నివేదికల్లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది, పైగా వాటిని ఆడిటర్లు తనిఖీ చేసి ఉంటారు. ఈ రంగంలో కంపెనీలు చాలా తక్కువ కావడం మీకు కలిసివచ్చే విషయం. కాక్లియర్ ఇంప్లాంట్లలో ఆస్ట్రేలియాకు చెందిన కాక్లియర్, ఆస్ట్రియాకు చెందిన మెడ్‌ఎల్, స్విట్జర్లాండ్ సంస్థ సొనోవా చేతిలో ఉన్న అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ ప్రధానమైనవి. మెదడు, వెన్నుపాము పరికరాల్లో మెడ్‌ట్రానిక్, అబాట్, బోస్టన్ సైంటిఫిక్ ముందుంటాయి. వేగస్ నాడి పరికరానికి లివానోవా పేరు చెప్పుకోవాలి. మెడ్‌ఎల్ ప్రైవేటు సంస్థ కాబట్టి మిగిలినవాటి లెక్కలతో మొదలుపెట్టండి.

కాక్లియర్ కంపెనీ లెక్కలను కాస్త నిదానంగా చూస్తే ఈ వ్యాపారం తీరు బాగా అర్థమవుతుంది. 2024 జూన్‌తో ముగిసిన ఏడాదిలో దాని అమ్మకాలు సుమారు 226 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 15 శాతం పెరుగుదల. ఆ మరుసటి ఏడాది అమర్చిన ఇంప్లాంట్ల సంఖ్య 12 శాతం పెరిగినా, మొత్తం ఆదాయం మాత్రం 4 శాతమే పెరిగింది. కారణం, ఇంతకు ముందే ఇంప్లాంటు వేయించుకున్నవారు శబ్దాన్ని సంకేతాలుగా మార్చేందుకు చెవి వెనుక పెట్టుకునే పాత ప్రాసెసర్‌ను మార్చి కొత్తది కొనడం తగ్గింది. రోగుల సంఖ్య ఒక దారిలో, డబ్బు మరో దారిలో నడవగలవని దీన్నిబట్టి తెలుస్తుంది. డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్‌లోనూ ఇలాంటిదే ఉంది. చార్జింగ్ సౌకర్యం లేని పరికరం బ్యాటరీ సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లలో అయిపోతుంది, అప్పుడు ఛాతీలోని పరికరాన్ని చిన్న శస్త్రచికిత్సతో మార్చాలి. అదే మనిషికి అమ్మిన రెండో పరికరం మార్కెట్ లెక్కలో కొత్త అమ్మకంగా చేరుతుంది. చార్జింగ్ చేసుకునే రకం పదిహేనేళ్ల వరకు పనిచేసేలా రూపొందింది కాబట్టి, అది ఎక్కువగా వాడుకలోకి వస్తే రోగికి మేలు జరిగి మార్కెట్ సంఖ్య తగ్గినా తగ్గవచ్చు. అందుకే మీ పట్టికలో కొత్త రోగులు, మార్పిడి పరికరాలు, విడిభాగాలు, సేవలు అనే నాలుగు నిలువు వరుసలు తప్పకుండా ఉంచండి.

పెరుగుదలకు కారణాలను రాసేటప్పుడు "సాంకేతిక పురోగతి" అని ఒక్క మాటలో తేల్చేయవద్దు. జనాభా వయసు పెరగడం ఒక గట్టి కారణం: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో 85 లక్షల మందికి పైగా పార్కిన్సన్స్‌తో జీవిస్తున్నారు, పాతికేళ్లలో ఆ సంఖ్య రెట్టింపైంది. అంతకన్నా వేగంగా మార్కెట్‌ను కదిలించేది అర్హత నిబంధనల సడలింపు. ఒక్క చెవిలోనే వినికిడి పోయినవారికి కాక్లియర్ ఇంప్లాంటును అమెరికా 2019లో అనుమతించింది. 2020లో ఒక తయారీదారు పరికరానికి పిల్లల కనీస వయసును తొమ్మిది నెలలకు తగ్గించింది. అక్కడి వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్ 2022లో అర్హత హద్దును సడలించి ఇంకా ఎక్కువమందికి దారి తెరిచింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ కొత్త ఆవిష్కరణ కాదు. డబ్బు ఎవరు కడతారు, ఎవరికి కడతారు అన్నదే ఇక్కడ వృద్ధిని నిర్ణయించింది.

మన జిల్లాల లెక్కను కింది నుంచి పైకి కట్టండి

ప్రపంచ మార్కెట్‌లో ఒక శాతం మనకు వచ్చినా చాలు అని లెక్క కట్టే పద్ధతిని దయచేసి మానుకోండి. ఆ ఒక శాతం ఎక్కడినుంచి వస్తుందో అందులో ఉండదు. దానికి బదులు ఒక బిడ్డ పుట్టిన గంట నుంచి మొదలుపెట్టండి. పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో ఒకరి నుంచి ముగ్గురి వరకు శాశ్వత వినికిడి లోపంతో పుడతారన్నది వైద్యులు సాధారణంగా వాడే లెక్క. మేనరికపు పెళ్లిళ్లు ఉన్న కుటుంబాల్లో వంశపారంపర్య వినికిడి లోపం వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ, కాబట్టి మన ప్రాంతానికి ఈ విషయం మరీ ముఖ్యం.

లెక్క ఎలా కట్టాలో చూపడానికి ఊహా సంఖ్యలు తీసుకుంటాను. మీరు జిల్లా వైద్య ఆరోగ్య శాఖ నుంచి అసలు సంఖ్యలు తెచ్చుకుని వీటి స్థానంలో పెట్టండి. ఏటా లక్ష కాన్పులు జరిగే ప్రాంతం అనుకుందాం. వెయ్యికి ఇద్దరు చొప్పున 200 మంది పిల్లలకు వినికిడి లోపం ఉంటుంది. వారిలో వినికిడి యంత్రంతో సరిపోనంత తీవ్రమైన లోపం 80 మందికి ఉందనుకుందాం. మామూలు మార్కెట్ నివేదిక ఇక్కడితో ఆగి, 80 మందిని ఇంప్లాంటు ధరతో గుణించి "అవకాశం" అని పేరు పెడుతుంది. కానీ ఆ 80 మందిలో లోపాన్ని రెండేళ్లలోపు గుర్తించగలిగింది సగం మందికే అయితే మిగిలేది 40. ప్రభుత్వ పథకం కింద డబ్బు మంజూరై, కుటుంబం శస్త్రచికిత్సకు ఒప్పుకున్నది 30 మందికి. ఆ తర్వాత రెండేళ్లపాటు క్రమం తప్పకుండా మాటల శిక్షణకు వచ్చి, పరికరం నుంచి పూర్తి ప్రయోజనం పొందింది 20 మంది. ఎనభైకి, ఇరవైకి మధ్య ఉన్న తేడా పరికరం లోపం వల్ల వచ్చింది కాదు.

ఈ మెట్లలో ప్రతిదానికీ మన దగ్గర ఒక చిరునామా ఉంది, వాటిని విడివిడిగా వెళ్లి చూడాలి. గుర్తింపు మెట్టులో నవజాత శిశువులకు చేసే ఓఏఈ పరీక్ష (శబ్దానికి లోపలి చెవి స్పందనను చూసేది), అనుమానం ఉంటే చేసే బెరా పరీక్ష (శబ్దానికి వినికిడి నాడి, మెదడు స్పందనను కొలిచేది) ప్రధానం. మొదటి నెలలో వడపోత, మూడో నెలలోపు నిర్ధారణ, ఆరో నెలలోపు చికిత్స మొదలు కావాలన్నది అంతర్జాతీయంగా పాటించే నియమం. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి, కాకతీయ వైద్య కళాశాలల చెవి, ముక్కు, గొంతు విభాగాల వైద్యులను, పిల్లల విభాగం వైద్యులను కలిసి, పుట్టిన పిల్లల్లో ఎంతమందికి ఈ పరీక్ష జరుగుతోందో అనుమతి తీసుకుని తెలుసుకోండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, బడులకు తిరిగే బృందాలు పుట్టుకతో వచ్చే వినికిడి లోపాన్ని కూడా చూస్తాయి. కానీ అంగన్‌వాడీకి వచ్చే వయసుకే చాలా విలువైన కాలం గడిచిపోయి ఉంటుంది, ఎందుకంటే శబ్దాన్ని మాటగా గుర్తించడం మెదడు తొలి ఏళ్లలోనే నేర్చుకుంటుంది.

డబ్బు మెట్టులో ఆరోగ్యశ్రీ, వికలాంగులకు సహాయ పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం ముఖ్యమైనవి. ఆరోగ్యశ్రీ వార్షిక పరిమితి 2023 డిసెంబర్‌లో అయిదు లక్షల నుంచి పది లక్షల రూపాయలకు పెరిగింది. పరిమితి పెరిగినంత మాత్రాన ప్రతి పరికరమూ జాబితాలో చేరినట్టు కాదు. పిల్లల వయసు షరతు, రెండో చెవికి వర్తిస్తుందా, ప్రాసెసర్ పాడైతే ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నలకు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర తాజా సమాధానం తీసుకుని మీ నివేదికలో తేదీతో సహా రాయండి. డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ వంటి చికిత్సలకు నిమ్స్ వరకు, అంటే హైదరాబాద్ వరకు వెళ్లాలి. పరికరంతో కలిపి ఖర్చు పది లక్షలు దాటడం మామూలే కాబట్టి, ఆ విభాగంలో మన జిల్లాల నుంచి వచ్చే రోగుల సంఖ్యను చాలాకాలం పాటు డబ్బే నిర్ణయిస్తుంది.

అసలు చూడవలసింది శస్త్రచికిత్స తర్వాతి మెట్టు, ఎందుకంటే అందరూ తొందరగా దాటేసేది దాన్నే. ఇంప్లాంటు పెట్టిన రోజున బిడ్డకు మాటలు వినబడవు. కొన్ని వారాల తర్వాత పరికరాన్ని ఆన్ చేసి, ఒక్కో ఎలక్ట్రోడుకు ఎంత విద్యుత్ పంపాలో నిర్ణయించే మ్యాపింగ్ చేయాలి, దాన్ని పదేపదే సవరించాలి, నెలల తరబడి మాటల శిక్షణ సాగాలి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లోని ఊళ్ల నుంచి కూలి మానుకుని బిడ్డను ఎత్తుకుని బస్సులో నగరానికి రావలసిన తల్లి, వారానికి రెండుసార్లు అలా ఎన్నాళ్లు రాగలదు? తలకు అంటుకునే కాయిల్ తీగ తెగినా, వానాకాలంలో తేమ చేరి ప్రాసెసర్ ఆగినా, కొత్త భాగం వచ్చేదాకా బిడ్డ మళ్లీ నిశ్శబ్దంలోకి వెళ్లిపోతుంది. ఇవి మార్కెట్ నివేదికల్లో ఒక పంక్తికి కూడా నోచుకోవు, కానీ ఒక పరికరం పనిచేసిందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. మీరు ఒక్క కుటుంబంతోనైనా మాట్లాడి, వారి అనుమతితో, పేర్లు లేకుండా ఏడాది ఖర్చును పట్టికగా వేయండి: ప్రయాణం, పోయిన కూలి, బ్యాటరీలు, తీగలు, శిక్షణ రుసుము. ఆ పట్టిక మీ నివేదికలోని ఏ గ్రాఫు కన్నా విలువైనది.

పదేళ్ల తర్వాత ఎవరు ఉంటారు?

మీ పట్టికలో ఈ ప్రశ్నకు ఒక వరుస కేటాయించమని నేను గట్టిగా కోరుతాను. సెకండ్ సైట్ అనే అమెరికా కంపెనీ తయారుచేసిన ఆర్గస్ 2 రెటీనా ఇంప్లాంటుకు 2011లో యూరప్‌లో, 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 350 మంది దాన్ని అమర్చుకున్నారు. 2019లో కంపెనీ దాని తయారీ ఆపివేసింది, 2020లో దాదాపు మూతపడే స్థితికి వచ్చింది. కంటిలో పరికరం ఉన్నవారికి విడిభాగాలు, మరమ్మతు, సాఫ్ట్‌వేర్ సాయం అందకుండా పోయాయి. ఆ ఏళ్లలో వచ్చిన వృద్ధి అంచనాల్లో ఈ ప్రమాదం కనిపించలేదు. శరీరంలో పెట్టే పరికరాన్ని అమ్మేవారు దాని జీవితకాలమంతా తోడుండాలి. ఉండగలరని చూపించలేని సంస్థ ఎంత వేగంగా పెరుగుతున్నా దాన్ని నమ్మకూడదన్నది నా మాట.

వరంగల్ బృందం ఎక్కడ ప్రవేశించవచ్చు

భారత్‌లో వైద్య పరికరాల నిబంధనలు 2017లో వచ్చి 2018 జనవరి నుంచి అమలయ్యాయి. ప్రమాద స్థాయిని బట్టి పరికరాలను ఏ, బీ, సీ, డీ తరగతులుగా విభజించారు. నాడీ వ్యవస్థకు అతికే ఇంప్లాంట్లు అత్యధిక ప్రమాదం ఉన్న డీ తరగతిలోకి వస్తాయి, సీ, డీ తరగతులకు 2023 అక్టోబర్ నుంచి లైసెన్సు తప్పనిసరి. విశాఖపట్నంలోని రక్షణ పరిశోధన సంస్థ ఎన్‌ఎస్‌టీఎల్ దేశీయ కాక్లియర్ ఇంప్లాంటును రూపొందించడానికి ఏళ్ల తరబడి శ్రమించింది. జాతీయ స్థాయి ప్రయోగశాలకే అంత కాలం పట్టే పనిని నలుగురు పట్టభద్రులు రెండేళ్లలో పూర్తిచేస్తామని ప్రతిపాదనలో రాయడం సరికాదు.

అయితే పైన పిల్లల లెక్కలో చూసిన ఇరవైకి, ఎనభైకి మధ్య ఉన్న ఖాళీలో చేయదగిన పని చాలా ఉంది. తక్కువ ఖర్చుతో, గోలగా ఉండే ప్రసూతి వార్డులోనూ నమ్మకంగా పనిచేసే వినికిడి వడపోత యంత్రం, తెలుగు ధ్వనులతో, మన ఇళ్లలో వాడే మాటలతో తయారైన శిక్షణ పాఠాలు, తల్లి ఫోనులోనే చూసి రోజూ చేయించగల అభ్యాసాలు, దూరం నుంచి మ్యాపింగ్ సవరించే సౌకర్యం, విడిభాగాలను జిల్లా స్థాయిలో నిల్వ ఉంచి ఒకటి రెండు రోజుల్లో చేర్చే ఏర్పాటు ఇవన్నీ ఎన్‌ఐటీ, కిట్స్ విద్యార్థులు వైద్యులతో, స్పీచ్ థెరపిస్టులతో కలిసి చేయగలిగినవే. వీటిలోనూ పరికరం అనిపించుకునే ప్రతిదానికీ తగిన తరగతి అనుమతి తీసుకోవాలి. తయారీ దశకు చేరితే సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లోని వైద్య పరికరాల పార్కును పరిశీలించవచ్చు.

చివరగా, నివేదికలోని మార్కెట్ పేరాను ఈ మాదిరిలో రాయండి: "ఈ ప్రతిపాదన పుట్టుకతో తీవ్ర వినికిడి లోపం ఉన్న, అయిదేళ్లలోపు పిల్లలకు సంబంధించినది. మా జిల్లాలో ఏటా జరిగే కాన్పులు ఇన్ని, అందులో ఓఏఈ పరీక్ష జరిగినవి ఇన్ని, ఇంప్లాంటు అమర్చినవి ఇన్ని, ఏడాది తర్వాతా శిక్షణ కొనసాగిస్తున్నవారు ఇంతమంది. ఈ సంఖ్యలను ఫలానా తేదీన ఫలానా విభాగం నుంచి తీసుకున్నాం. ఇంప్లాంటు అమర్చిన తర్వాత మధ్యలో శిక్షణ మానేసేవారిని మూడేళ్లలో సగానికి తగ్గించడం మా లక్ష్యం, దానికి ఒక్కో బిడ్డకు ఏటా అయ్యే ఖర్చు ఇంత, దాన్ని భరించేది వీరు." ప్రపంచ మార్కెట్ వృద్ధి శాతాన్ని రాయాలనుకుంటే ఆ పేరా తర్వాత ఒక్క వాక్యంలో, ఏయే పరికరాలను కలిపారో, ఏ ఏడాది నుంచి లెక్కించారో చెబుతూ రాయండి.